స్టాకర్ అనామలీ: చీకట్లో 80 మీటర్ల నుంచే పట్టేస్తున్నారు, శత్రువుల చూపు సరిచేసేదెలా?

#1 కాకినాడ_కాజా

అందరికీ నమస్కారం. స్టాకర్ ఆటల మీద అభిమానులు చేసిన అనామలీ 1.5.2 ఆడుతున్నా, యాడాన్లు సర్దే మోడ్ ఆర్గనైజర్ 2 మీద. యాడాన్లు బాగానే పేరుకున్నాయి: తుపాకుల ప్యాక్, వాతావరణం మార్చేది, సౌండ్ ప్యాక్, శత్రువుల ఏఐ మార్చేవి ఒకటి రెండు.

గ్రేట్ స్వాంప్స్ మ్యాప్‌లో అర్ధరాత్రి. చెక్క షెడ్డు పక్కన మంట వేసుకుని రెనిగేడ్లు అనే శత్రు వర్గం వాళ్లు నలుగురు కూర్చున్నారు, ఒకడు గిటార్ వాయిస్తున్నాడు. నేను హెడ్‌ల్యాంప్ ఆపేసి, వంగి, రెల్లులోంచి నెమ్మదిగా వస్తున్నా. దగ్గర దగ్గర 80 మీటర్ల దూరం. గిటార్ టక్కున ఆగింది. నలుగురూ ఒకేసారి లేచి నావైపే తిరిగారు. మొదటి బుల్లెట్టే హెల్మెట్‌కి తగిలింది.

డిఫికల్టీ తగ్గించి చూశా. తగిలే దెబ్బ తగ్గింది గానీ వాళ్ల కళ్లు తగ్గలేదు. ఎవరో "విజిబిలిటీ త్రెషోల్డ్ పదింతలు చెయ్" అంటే అదీ చేశా. ఇప్పుడు వాడి ముందు నిలబడి సాల్యూట్ కొట్టినా సిగరెట్ కాలుస్తూ ఉంటాడు. ఇదా, అదా తప్ప మధ్యలో ఏమీ లేదా?

#2 పాత_పీసీ

జోన్‌లోకి (ఆట జరిగే ప్రమాదకర ప్రాంతంలోకి) వెళ్లినవాడికి భయం ఉండాలి కదా బ్రో. నాకైతే ఈ టెన్షనే ఇష్టం. 2007లో మొదటి స్టాకర్ ఆట వచ్చినప్పుడు కూడా కార్డన్ మ్యాప్‌లో చెక్‌పోస్ట్ సైనికులు ఇలాగే కాల్చేవాళ్లు.

#3 కాకినాడ_కాజా

భయం ఉండాలి, ఒప్పుకుంటా. కానీ ఆ ఆటలో మినీమ్యాప్ పక్కన రెండు పట్టీలుండేవి, ఒకటి మన చప్పుడుకి, ఇంకోటి మనం ఎంత కనిపిస్తున్నామో చెప్పడానికి. ఎందుకు దొరికిపోయామో అర్థమయ్యేది. ఇక్కడ అదేం లేదు, తెలిసేలోపే చావు.

#4 బోల్ట్_బాబాయ్

కాజా, పదింతలు చేయమన్నవాడు మందు సరైనదే ఇచ్చాడు, మోతాదే తప్పు. ముందు ఇంజన్ నిన్ను ఎలా "చూస్తుందో" చెబుతా, తర్వాత ఏం మార్చాలో నీకే తెలుస్తుంది.

స్టాకర్ ఆటలు నడిచే ఈ ఎక్స్-రే ఇంజన్‌లో శత్రువు నిన్ను చూడటం స్విచ్ వేసినట్టు జరగదు. ప్రతి శత్రువు బుర్రలో నీ పేరు మీద ఒక అంకె ఉంటుంది. నువ్వు వాడి చూపు పరిధిలో ఉన్నంతసేపూ అది పెరుగుతూ పోతుంది. విజిబిలిటీ త్రెషోల్డ్ దాటిందా, నువ్వు దొరికావు. అడ్డు వెనక్కి వెళ్తే డిక్రీజ్ వేల్యూ అనే లెక్క ప్రకారం తగ్గుతుంది. ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సూత్రం ఇదీ:

గడిచిన సమయం ÷ టైమ్ క్వాంట్ × నీ మీద పడే వెలుగు × (1 + వెలాసిటీ ఫ్యాక్టర్ × నీ వేగం) × (వాడి చూపు దూరం − నీ దూరం) ÷ (వాడి చూపు దూరం − తప్పక కనిపించే దూరం)

చివరి భాగం చూడు. చూపు దూరం 100 మీటర్లు అనుకో, తప్పక కనిపించే దూరాన్ని లెక్క కోసం వదిలెయ్. నువ్వు 80 మీటర్ల దగ్గరుంటే 0.2 వస్తుంది, 20 మీటర్ల దగ్గరుంటే 0.8. అంటే దగ్గరున్నవాడు నాలుగింతల వేగంగా దొరుకుతాడు. ఇది న్యాయంగానే ఉంది.

త్రెషోల్డ్ పదింతలు చేస్తే ఏమవుతుంది? 80 దగ్గరా పదింతలు ఆలస్యం, 20 దగ్గరా పదింతలు ఆలస్యం, పరిగెత్తినా పదింతలు, నిలబడినా పదింతలు. అన్నిటినీ ఒకేలా నెమ్మది చేశావు కాబట్టి వాడు గుడ్డివాడయ్యాడు. నువ్వు మార్చాల్సింది మొత్తం వేగం కాదు. కదలకుండా ఉన్నవాడికీ పరిగెత్తేవాడికీ మధ్య తేడా పెంచాలి.

టైమ్ క్వాంట్ భాగహారంలో ఉంది, కాబట్టి దాన్ని పెంచితే గుర్తించడం నెమ్మదిస్తుంది. దాన్ని రెండింతలు చేసి, వెలాసిటీ ఫ్యాక్టర్‌ని 0.5 నుంచి 1 చేశావనుకో.

కదలకుండా ఉంటే: ముందు 1, ఇప్పుడు 0.5.
సెకనుకి ఒక మీటరు చొప్పున పాకుతుంటే: ముందు 1.5, ఇప్పుడు 1.
సెకనుకి 4 మీటర్లు పరిగెడితే: ముందు 3, ఇప్పుడు 2.5.

పరిగెత్తేవాడికి పెద్దగా లాభం లేదు. ఓపిక పట్టినవాడికి సగానికి సగం తగ్గింది. నువ్వు అడిగిన మధ్యదారి ఇదే.

#5 నెల్లూరు_నైట్‌షిఫ్ట్

బాబాయ్, ఇన్నాళ్లూ నేను రెండు వేళ్లతో అంకెలు మార్చి దండం పెట్టుకునేవాణ్ణి. ఈ సూత్రం ఎక్కడుంది, సోర్స్ కోడ్‌లోనా?

#6 బోల్ట్_బాబాయ్

ఇంజన్ సోర్స్‌లో ఉంది. అనామలీలో ఇంకా హాయి, విజువల్ మెమరీ మేనేజర్ అనే స్క్రిప్ట్‌లోకే తెచ్చి పెట్టారు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. లూవా అనే స్క్రిప్ట్ భాషలో రాసింది. స్టెల్త్ (కంటపడకుండా ఆడే) యాడాన్లు ఎక్కువగా చేయి పెట్టేది దాంట్లోనే.

అంకెలు మాత్రం ఎం స్టాకర్ ఎల్‌టీఎక్స్ అనే సెట్టింగుల ఫైల్లో ఉంటాయి. అందులో చూపుకి రెండు సెక్షన్లు: స్టాకర్ విజన్ ఫ్రీ, స్టాకర్ విజన్ డేంజర్. మొదటిది వాడు నిశ్చింతగా ఉన్నప్పుడు, రెండోది అనుమానం వచ్చాక. ఫ్రీ ఒక్కటే మార్చు, డేంజర్ జోలికి పోకు. ఒకసారి ఉలిక్కిపడ్డాక వాడు చురుగ్గానే ఉండాలి, లేకపోతే పాత_పీసీ గారు చెప్పిన టెన్షన్ కాస్తా పోతుంది.

#7 పాత_పీసీ

చూశారా, బాబాయ్ కూడా నావైపే.

#8 వరంగల్_వేటగాడు

అంకెలు మార్చే ముందు ఒక్క మాట అన్నా. నీ దగ్గర ఏఐ యాడాన్లు రెండున్నాయన్నావు. ఆ రెండూ అదే ఎం స్టాకర్ ఫైల్ తెచ్చి ఉంటే, నువ్వు మార్చేది ఆట చదవని ఫైల్ కావచ్చు. మోడ్ ఆర్గనైజర్‌లో ఎడమ జాబితాలో మెరుపు గుర్తు చూడు. ఆకుపచ్చ ప్లస్ ఉంటే అది వేరేవాటిని తొక్కుతోంది, ఎర్ర మైనస్ ఉంటే దాన్నే ఇంకోటి తొక్కుతోంది. కుడివైపు డేటా ట్యాబ్‌లోకి వెళ్లి ఆ ఫైల్ వెతికితే చివరికి ఎవరిది గెలిచిందో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఎల్‌టీఎక్స్ మార్చాక సేవ్ మళ్లీ లోడ్ చేస్తే సరిపోదు. ఆట మొత్తం మూసి తెరవాలి, అవి మొదట్లోనే చదివేస్తుంది. చాలామంది ఇక్కడే "ఏం మార్చినా తేడా లేదు" అంటారు.

#9 కాకినాడ_కాజా

వేటగాడన్నా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. రెండు యాడాన్లూ అదే ఫైల్ తెచ్చాయి. గెలిచినది తెరిచి చూస్తే ఐ రేంజ్ (శత్రువు కంటి చూపు దూరం) అసలు ఆటలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ పెట్టి ఉంది. ఆ యాడాన్ పేజీలో "శత్రువులు తెలివిగా పోరాడతారు" అని మాత్రమే రాశారు, చూపు సంగతి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు రెండు యాడాన్లనీ ఉంచుకుని చూపు ఒక్కటే మార్చాలంటే ఎలా? మొత్తం ఫైల్ కాపీ చేస్తే వాటి మిగతా మార్పులు పోతాయి కదా.

#10 వరంగల్_వేటగాడు

మోడెడ్ ఎగ్జిక్యూటబుల్స్ (మోడర్లు మార్చిన ఇంజన్ ఫైళ్లు) వాడుతున్నావా? వాడుతుంటే డీఎల్‌టీఎక్స్ ఉన్నట్టే, అంటే అసలు ఎల్‌టీఎక్స్ ముట్టుకోకుండా దాని మీద మార్పులు కలిపే పద్ధతి. మొత్తం ఫైల్ తీసుకోనక్కర్లేదు, మారాల్సిన వరుసలే రాస్తే చాలు.

కాన్ఫిగ్స్ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పెట్టు. పేరు "మాడ్ అండర్‌స్కోర్ సిస్టమ్ అండర్‌స్కోర్" అని ఇంగ్లీషులో మొదలవ్వాలి, తర్వాత నీ ఇష్టం. లోపల ముందు ఆశ్చర్యార్థకం, వెంటనే చదరపు బ్రాకెట్లలో సెక్షన్ పేరు, దాని కింద నువ్వు మార్చే వరుసలు మాత్రమే. ఆశ్చర్యార్థకం మర్చిపోతే ఉన్న సెక్షన్‌నే మళ్లీ రాస్తున్నావనుకుని ఆట మొదట్లోనే కూలిపోతుంది. ఫైల్ పేరులో ఎం స్టాకర్ అని పెట్టకు. ఆ ఫైల్ సిస్టమ్ ఎల్‌టీఎక్స్‌లోకి చేర్చబడేదే కాబట్టి మూల ఫైల్ పేరే, అంటే సిస్టమ్ అనే ఉండాలి.

#11 గుడ్లగూబ

అందరూ కళ్ల గురించే మాట్లాడుతున్నారు. చెవుల సంగతేంటి?

కాజా గారూ, మీ కథలో నాకు అనుమానం వచ్చింది ఒక్కచోట. నలుగురూ *ఒకేసారి* లేచారన్నారు. చూపుతో దొరికితే మామూలుగా మంటకి ఇటు ముఖం పెట్టినవాడికి ముందు తెలియాలి. పైగా చూపు దూరం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. ఎదురుగా చూస్తే మాక్స్ వ్యూ డిస్టెన్స్, కంటి కొసన మిన్ వ్యూ డిస్టెన్స్, మధ్యలో ఆ రెండింటి మధ్య జారుతూ ఉంటుంది. వీపు తిప్పి కూర్చున్నవాడికి మీరు అసలు కనిపించరు. నలుగురికీ ఒకే క్షణంలో తెలిసిందంటే చప్పుడు విని ఉండాలి, లేదా ఒకడు చూసి మిగతావాళ్లకి అంది ఉండాలి.

ఒక పరీక్ష చేయండి. అదే సేవ్, అదే రాత్రి. కాంక్రీట్ గోడ వెనక, ఎటునుంచీ వాళ్లకి మీరు కనిపించని చోట నిలబడి అటూ ఇటూ నడవండి. అప్పుడూ లేచి వస్తే చూపు అంకెలు ఎన్ని మార్చినా దండగ.

#12 డాలస్_చిన్నోడు

గుడ్లగూబ చెప్పినదానికి తోడు: జట్టులో ఒకడు చూస్తే మిగతావాళ్లకి ఆ సమాచారం వెళ్లిపోతుంది, అది ఇంజన్‌లోనే ఉంది. "వైర్‌లెస్ కళ్లు" అని అందరూ తిట్టుకునేది దీన్నే. అందుకే నలుగురి జట్టుకి కనిపించకుండా దగ్గరికెళ్లడం కంటే ఒంటరిగా కాపలా తిరిగేవాడి దగ్గరికెళ్లడం చాలా తేలిక.

ఇక్కడ రాత్రి రెండయింది, రేపు ఆఫీసుంది, అయినా ఈ థ్రెడ్ వదలబుద్ధి కావట్లేదు.

#13 కాకినాడ_కాజా

గోడ పరీక్ష చేశా. డీబగ్ మోడ్ పెట్టి ఎఫ్7 మెనూతో కార్డన్‌లో కూలిపోయిన ఇంటి వెనక్కి వెళ్లా, అవతలివైపు బందిపోట్లని దింపా. గోడ వెనక కదలకుండా ఉన్నంతసేపూ ఏమీ లేదు. వంగి నడిస్తే ఏమీ లేదు. మామూలుగా నాలుగడుగులు వేశానో లేదో ఒకడు తల తిప్పాడు, ఇంకో రెండడుగులకి తుపాకీ తీసి ఇంటి చుట్టూ వస్తున్నాడు. మధ్యలో గోడ, దూరం 50 మీటర్ల పైనే.

సౌండ్ ప్యాక్ ఆపేసి అదే సేవ్ లోడ్ చేస్తే ఎవడూ కదల్లేదు! పూర్తిగా పరిగెత్తితే తప్ప పట్టించుకోలేదు.

వినడానికి ఆ ప్యాక్ అడుగుల చప్పుడు చిన్నగానే ఉంది. మరి వాళ్లకి అంత దూరం ఎలా వినిపిస్తోంది?

#14 గుడ్లగూబ

అనుకున్నా.

మీ చెవికి వినిపించేది వేరు, శత్రువు చెవికి వినిపించేది వేరు. ఈ ఇంజన్‌లో ప్రతి ఓజీజీ సౌండ్ ఫైల్ లోపల ఒక కామెంట్ దాచి ఉంటుంది. అందులో ఈ చప్పుడు ఏ రకం, మనకి ఎంత దూరం వినిపించాలి, ఏఐకి ఎంత దూరం వినిపించాలి అని విడివిడిగా రాసి ఉంటుంది. మ్యాక్స్ ఏఐ డిస్టెన్స్ అనేది వాళ్ల చెవి. సౌండ్ ప్యాక్ చేసేవాళ్లు మంచి మైకుతో రికార్డ్ చేసి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో శుభ్రం చేసి, ఎగుమతి చేస్తారు. ఆ ఎగుమతిలో పాత కామెంట్ ఎగిరిపోతుంది. అప్పుడు ఇంజన్ తన సొంత డిఫాల్ట్ వేసుకుంటుంది. లేదా ఇంకో ఫైల్ నుంచి కామెంట్ తెచ్చి అన్నిటికీ అతికించేస్తారు, అప్పుడు చెప్పు కిర్రుమన్నా తుపాకీ పేలినంత దూరం పోతుంది.

ఆప్‌డేటా ఫోల్డర్‌లో లాగ్స్ తెరిచి "మిస్సింగ్ ఓజీజీ కామెంట్" అనే వరుసల కోసం వెతకండి, ఇంగ్లీషులో ఉంటుంది. కామెంట్ లేని ఫైళ్ల పేర్లన్నీ అక్కడే దొరుకుతాయి. ఉన్నవాటిలో ఏముందో చూడటానికి ఓజీజీ కామెంట్ ఎడిటర్లు మోడర్లు చేసి పెట్టారు. అసలు ఆట అడుగుల ఫైల్ ఒకటి, ప్యాక్ ఫైల్ ఒకటి పక్కపక్కన తెరిచి ఆ ఒక్క అంకె పోల్చండి.

సైలెన్సర్ కూడా ఇంతే. మౌనమైన పేలుడుకి వేరే సౌండ్ ఫైల్ ఉంటుంది. తుపాకీ ఎల్‌టీఎక్స్‌లో దాని పేరు వెతికేటప్పుడు జాగ్రత్త, సైలెన్సర్ స్పెల్లింగ్‌లో ఒక "ఈ" అక్షరం మింగేసి రాశారు, మామూలుగా వెతికితే దొరకదు. తుపాకుల ప్యాక్‌లో ఆ ఫైల్‌కి ఏఐ దూరం ఎక్కువుంటే, సైలెన్సర్ పెట్టి కాల్చినా చుట్టుపక్కలవాళ్లంతా వస్తారు.

#15 నెల్లూరు_నైట్‌షిఫ్ట్

అయితే నా సైలెన్సర్ కొనుక్కున్న రూబుళ్లన్నీ బూడిదలో పోసినట్టేనా? ఆ వ్యాపారి సిదొరోవిచ్‌కి ఎన్ని మిషన్లు చేశానో!

#16 గుడ్లగూబ

ఫైల్ చూశాకే తిట్టండి. సైలెన్సర్ సరిగ్గా పనిచేసినా మనవాళ్లు దొరికిపోయే దారులు ఇంకా ఉన్నాయి. గురి తప్పి బుల్లెట్ వాడి పక్కన గోడకి తగిలితే అదీ ఒక ప్రమాద సంకేతమే. తోటివాడి శవం కంటపడినా అంతే. ఇవన్నీ ఎక్స్‌ఆర్ డేంజర్ స్క్రిప్ట్ చూసుకుంటుంది, ఒక్కో రకం ప్రమాదానికి ఎంత దూరం వరకు స్పందించాలో అందులో విడిగా ఉంటుంది. మొదటివాణ్ణి పడగొట్టాక నలుగురూ ఉలిక్కిపడితే అది చూపు సమస్య కాదు, శవం సమస్య. కాపలావాణ్ణి మిగతావాళ్ల కంట పడని చోట కొట్టాలి.

#17 పాత_పీసీ

నాకొక అభ్యంతరం ఉంది, ఈసారి సీరియస్‌గానే. చెవి సరిచేయండి, అది బగ్గు. కానీ చూపు తగ్గిస్తే ఇంకో నష్టం జరుగుతుంది, అది ఎవరూ చెప్పట్లేదు. ఆ అంకెలు నీ ఒక్కడి కోసం కాదు. స్టాకర్లు (జోన్‌లో తిరిగే మనుషులు) స్టాకర్లని చూసేది, కుక్కల గుంపుని చూసేది, అన్నీ అవే అంకెలతో. నేను ఒకప్పుడు బాగా తగ్గించి ఆడా. గార్బేజ్ మ్యాప్‌లో బందిపోట్లూ వాళ్ల శత్రువులైన లోనర్లూ ఒకరి పక్కనుంచి ఒకరు పెళ్లి భోజనాలకి వెళ్తున్నట్టు వెళ్లిపోయేవాళ్లు. కుక్కలొచ్చి పిక్క పట్టేదాకా రూకీలకి (కొత్త స్టాకర్లకి) తెలియదు. జోన్ జోన్‌లా లేదు.

#18 బోల్ట్_బాబాయ్

పాత_పీసీ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, నేను చెప్పాల్సింది. అందుకే ఐ రేంజ్‌ని అసలు ఆట విలువకి తెచ్చి వదిలెయ్ కాజా, ఇంకా కిందికి దించకు. మిగతాది ఎల్‌టీఎక్స్‌లో కాకుండా స్క్రిప్ట్‌లో చేద్దాం.

ఇందాక చెప్పిన ఆ సూత్రం ఫంక్షన్‌కి "చూసేది ఎవరు, చూడబడేది ఎవరు" అని రెండూ అందుతాయి. చూడబడేవాడి ఐడీ సున్నా అయితే అది ఆటగాడు, అంటే నువ్వు. కాబట్టి పాత ఫంక్షన్‌ని ఒక లోకల్ వేరియబుల్‌లో దాచు, అదే పేరుతో కొత్తది రాయి, ముందు పాతదాన్ని పిలిచి విలువ తీసుకో. ఐడీ సున్నా కాకపోతే ఆ విలువ అలాగే తిరిగి ఇచ్చెయ్. సున్నా అయితే వేగం చూడు: దాదాపు కదలట్లేదంటే సగం చేసి ఇవ్వు, పరిగెడుతుంటే అలాగే ఇవ్వు, మధ్యలో ఉంటే మధ్యలో ఏదో ఒకటి. దీన్ని వేరే స్క్రిప్ట్ ఫైల్‌గా పెడితే అసలు ఫైల్ ముట్టుకోనక్కర్లేదు, రేపు ఇంకో స్టెల్త్ యాడాన్ వేసినా దాని లెక్క మీదే నీ లెక్క కూర్చుంటుంది.

ఇలా చేస్తే బందిపోట్లూ లోనర్లూ మామూలుగానే కొట్టుకుంటారు, కుక్కలు మామూలుగానే దొరుకుతాయి. నీకొక్కడికే ఓపికకి తగ్గ ఫలితం.

#19 పాత_పీసీ

సరే, ఇది ఒప్పుకుంటా. అయినా నేను మాత్రం వేయను.

#20 డాలస్_చిన్నోడు

వాతావరణం యాడాన్ సంగతి కూడా చూసుకోండి. ఇంజన్ చూపు దూరాన్ని లెక్కేసేటప్పుడు ఆ సమయంలో ఉన్న పొగమంచు సాంద్రత, దృశ్యం ఎంత దూరం వరకు గీయాలనే ఫార్ ప్లేన్, రెండూ కలుపుతుంది. మంచు దట్టంగా ఉంటే వాళ్ల కళ్లూ మసకబారతాయి. అందంగా కనిపించాలని ఫార్ ప్లేన్ పెంచి, మంచు తగ్గించిన యాడాన్ వేస్తే, తెలియకుండానే శత్రువులకి కళ్లద్దాలు పెట్టినట్టే. రాత్రి మన స్క్రీన్ మీద కటిక చీకటిగా కనిపించడం కూడా నమ్మొద్దు. గామా తగ్గించో, స్క్రీన్ రంగులు మార్చే రీషేడ్ వేసో చీకటి చేసుకుంటే అది మన కంటికే. ఇంజన్ లెక్కలో నీ మీద పడే వెలుగు వేరు, అది మారదు.

#21 కాకినాడ_కాజా

డాలస్ బ్రో, ఇది నాకు తగిలింది. నేను రీషేడ్‌తోనే రాత్రుల్ని చీకటి చేసుకున్నా. అంటే నేను చీకట్లో ఉన్నాననుకున్నాను, వాళ్ల లెక్కలో సంధ్యవేళలో తిరుగుతున్నట్టు!

నాకు ఇంకో అనుమానం. రెల్లులో, గడ్డిలో దాక్కుంటే ఏమైనా ఉపయోగముందా? స్వాంప్స్‌లో మొత్తం అదే కదా.

#22 బోల్ట్_బాబాయ్

నేలంతా పరుచుకున్న గడ్డి ఉత్త బొమ్మ. దానికి కొలిజన్ (అడ్డుకునే గుణం) లేదు, కాబట్టి శత్రువు చూపు దాన్ని దాటుకుని వచ్చేస్తుంది. గడ్డి సాంద్రత స్లైడర్ చివరిదాకా లాగితే నీకే అవతలివాడు కనిపించడు, వాడికి నువ్వు శుభ్రంగా కనిపిస్తావు. స్టెల్త్ ఆడేవాళ్లు గడ్డి తగ్గించుకోవడమే మంచిది.

పొదలు, చెట్ల కొమ్మలు వేరు. వాటికి మెటీరియల్ ఉంటుంది, ఆ మెటీరియల్‌కి చూపుని ఎంత దాటనివ్వాలనే అంకె ఉంటుంది. వాడి కంటి నుంచి నీదాకా గీసిన గీత ఎన్ని పొదల్లోంచి వస్తే అంత బలహీనపడుతుంది, ట్రాన్స్‌పరెన్సీ త్రెషోల్డ్ కంటే తగ్గితే నువ్వు కనిపించనట్టే లెక్క. ఒక పలుచని పొద వెనక ధైర్యం వద్దు, రెండు మూడు వరసలు అడ్డం ఉండేలా చూసుకో. రెల్లులో ఏ మొక్క బొమ్మో, ఏది వస్తువో ఆటలో మన దగ్గరుండే ఇనప బోల్ట్ ఒకటి విసిరి చూస్తే కొంత తెలుస్తుంది. నమ్మకంగా దాచేవి మాత్రం గోడలు, రాళ్లు, మట్టిగుట్టలు, తుప్పుపట్టిన బస్సులు.

#23 నెల్లూరు_నైట్‌షిఫ్ట్

కుక్కలూ పందులకి కూడా ఇదే స్క్రిప్ట్ పనిచేస్తుందా బాబాయ్? నన్ను మనుషులకంటే గుడ్డికుక్కలే ఎక్కువ చంపాయి.

#24 బోల్ట్_బాబాయ్

వాటికి ఒక్కో జంతువుకి ఒక్కో ఎల్‌టీఎక్స్ ఉంటుంది, చూపూ వినికిడీ అందులోనే. అది పెద్ద కథ, వేరే థ్రెడ్ పెట్టు. అప్పటిదాకా ఏదైనా ఎక్కి నిలబడు.

#25 కాకినాడ_కాజా

వారాంతం మొత్తం దీనిమీదే కూర్చున్నా. ఏం చేశానో రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

సౌండ్ ప్యాక్‌లో అడుగుల ఫోల్డర్ ఒక్కటీ దాచేశా. మోడ్ ఆర్గనైజర్‌లో ఫైల్ మీద కుడి నొక్కు నొక్కి హైడ్ అంటే చాలు, తీసేయక్కర్లేదు. పోల్చి చూస్తే ఆ ఫైళ్లలో ఏఐ దూరం అసలు ఆట కంటే చాలా పెద్దది. తుపాకీ శబ్దాల్లో సైలెన్సర్‌వి బాగానే ఉన్నాయి, నైట్‌షిఫ్ట్ గారి రూబుళ్లు క్షేమం.

డీఎల్‌టీఎక్స్ ఫైల్‌తో ఐ రేంజ్‌ని అసలు విలువకి తెచ్చా. త్రెషోల్డ్ పాతదే. విజన్ డేంజర్ ముట్టుకోలేదు. బాబాయ్ చెప్పిన స్క్రిప్ట్ పెట్టా, కదలకపోతే సగం, పరిగెడితే పూర్తిగా. రీషేడ్ తీసేసి ఆటలో ఉన్న చీకటి రాత్రుల ఆప్షన్ వాడుతున్నా.

మళ్లీ ఆ చెక్క షెడ్డు దగ్గరికే వెళ్లా. ఈసారి గిటార్ ఆగలేదు. వంగి, ఆగి ఆగి, మట్టిగట్టు చాటునుంచి మంట వెలుగు అంచుదాకా వెళ్లగలిగా. అక్కడ ఒకడు మూత్రానికి లేచి నావైపే నడిచొచ్చాడు. నేను కదల్లేదు. ఆరేడు అడుగుల దూరంలో ఆగి, "ఎవరక్కడ" అన్నట్టు తుపాకీ దించి చూశాడు. అప్పుడు లేచి పరిగెత్తా, నలుగురూ వెంటపడి తరిమారు, చచ్చా. కానీ ఈసారి ఎందుకు చచ్చానో తెలుసు.

#26 వరంగల్_వేటగాడు

శభాష్ తమ్ముడూ. ఒక్క ప్రశ్న, ఆ స్క్రిప్ట్‌లో వేగానికి హద్దులు ఎంత పెట్టావు? నాకు వంగి నడుస్తున్నప్పుడు కూడా కొంచెం ఎక్కువ పట్టేస్తున్నారనిపిస్తోంది.

#27 కాకినాడ_కాజా

సెకనుకి అర మీటరు లోపు సగం. 3 మీటర్లు దాటితే పూర్తి. మధ్యలో సరళరేఖలో పెరుగుతుంది. బరువు ఎక్కువ మోస్తే నడక ఎలాగూ నెమ్మదిస్తుంది, అదీ కలిసొచ్చింది.

#28 నిర్వాహకుడు

చాలా ఉపయోగపడే చర్చ, పైన పిన్ చేస్తున్నాం. కాజా గారూ, ఆ స్క్రిప్ట్ ఇక్కడ జతచేయండి. జతచేసేటప్పుడు ఏ అనామలీ వెర్షన్ మీద, ఏ మోడెడ్ ఎగ్జిక్యూటబుల్ మీద పరీక్షించారో రాయండి, లేకపోతే రేపు "నాకు కూలిపోతోంది" అని పది పోస్టులొస్తాయి. జంతువుల సంగతి కొత్త థ్రెడ్‌లో.

#29 డాలస్_చిన్నోడు

ఇప్పటికే సగం నడిచిన సేవ్‌లో ఇది వేస్తే ఏమైనా పాడవుతుందా? జూపిటర్ మ్యాప్‌లో ఉన్నా, మళ్లీ మొదటినుంచి ఆడే ఓపిక లేదు.

#30 బోల్ట్_బాబాయ్

పాడవదు. ఈ స్క్రిప్ట్ సేవ్‌లో ఏదీ రాయదు, వచ్చిన అంకెని మార్చి తిరిగి ఇస్తుందంతే. నచ్చకపోతే టిక్ తీసేసి ఆట మళ్లీ తెరువు. ఎందుకైనా మంచిది, ముందు ఒక సేవ్ కాపీ పక్కన పెట్టుకో. నువ్వున్న మ్యాప్‌లోని యానోవ్ స్టేషన్ లోపల ఉండగా సేవ్ చేసుకో, బయట ఎవడో కాలుస్తుండగా కాదు.